నెల రోజుల చదువు తరువాత ఒక సందేహం

ఈ నెలంతా నవలలు పక్కన పెట్టి చరిత్ర, యాత్రా గ్రంథాలే చదివాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లి వచ్చిన వైనాన్ని చెప్పే ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీలు, నీటి వసతి, అంగళ్లలో దొరికే సరుకులు ఎంతో ఓపికగా నమోదు కావడం చూసి, రోజుకు కొన్ని పుటలకు మించి ముందుకు సాగలేకపోయాను. ఆ తరువాత, 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పూర్తి చేశాను. రాజుల వరుసకన్నా జనం తిండి, బట్ట, ఆటపాటలకు పెద్దపీట వేసిన ఆ దృష్టి నన్ను కదిలించింది.

అయితే చదివిన వారానికే వివరాలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. నవలలతో నాకు ఈ ఇబ్బంది ఎన్నడూ లేదు. ఇలాంటి పుస్తకాలు చదివేటప్పుడు మీరు అధ్యాయాల వారీగా రాసుకుంటారా, విషయాల వారీగానా? సామాన్య స్త్రీల రోజువారీ జీవితాన్ని ఇంత వివరంగా చెప్పే తెలుగు గ్రంథం మీకు తెలిస్తే దయచేసి సూచించగలరు.