లింగాకర్షక బుట్టలు పురుగును అదుపు చేస్తాయా, జాడ మాత్రమే చెబుతాయా?

ప్రత్తిపాడు రైతు:
పోయిన ఏడు రెండెకరాల పత్తిలో ఎకరానికి నాలుగు బుట్టలు కట్టాను. ఇవి కడితే గులాబీ పురుగుకు మందు కొట్టే పనే లేదని కొట్టులో చెప్పారు, నమ్మాను. దసరా నాటికి చేలో గుడ్డిపూలు, విచ్చుకోకుండా ముడుచుకుపోయినవి. కాయ చీలిస్తే లోపల పురుగు. బుట్టల్లో మాత్రం రోజూ పడుతూనే ఉంది. అంత పడినా చేను ఎందుకు పోయింది? నా లెక్కలో బుట్టలు దండగ.

మందుల కొట్టు, గుంటూరు:
దండగ అనకండి. నాలుగు ఏ మూలకి? ఇరవై కట్టండి. మగ పురుగు మిగలకపోతే ఆడది గుడ్లెలా పెడుతుంది? ల్యూర్, అదే బుట్టలో పెట్టే ఎర, నెలకోసారి మార్చారా?

బాపట్ల అగ్రి స్టూడెంట్:
అన్నా, బుట్ట దండగ కాదు. దాన్ని మందులా అమ్మడమే తప్పు. రెక్కల పురుగును మనం తల్లి పురుగు అంటాం గానీ బుట్టలో పడేవన్నీ మగవే. ల్యూర్‌లో ఉన్నది ఆడ పురుగు వాసన. తప్పించుకున్న ఒక్క మగది చాలా ఆడవాటితో జతకడుతుంది. పైగా పక్క చేలో జతకట్టిన ఆడది మీ చేలోకి ఎగిరొచ్చి గుడ్లు పెడితే ఈ ల్యూర్ దాన్ని ఆపలేదు. రెండెకరాల్లో ఇరవై కట్టినా అంతే.

అమెరికా అడవుల్లో స్పాంజీ మాత్ అనే ఆకు తినే పురుగు ఉంది, 2022 దాకా జిప్సీ మాత్ అనేవారు. 1869లో ఐరోపా నుంచి తెచ్చిన గుడ్ల నుంచి తప్పించుకుపోయి, ఇన్నేళ్లయినా ఓక్ చెట్లను మోడు చేస్తోంది. అక్కడ ఏటా వేల బుట్టలు కడతారు. అడవినంతా పట్టెయ్యడానికి కాదు, పురుగు కొత్తగా ఎక్కడ కాలుపెట్టిందో తెలుసుకోడానికి. జాడ దొరికిన చోట అదే ఆడ వాసనను విమానంతో చల్లి మగవాటిని తికమకపెడతారు.

ప్రత్తిపాడు రైతు:
మరి నేనేం చెయ్యాలి తమ్ముడూ? సూటిగా చెప్పు.

బాపట్ల అగ్రి స్టూడెంట్:
విత్తిన 45 రోజులకు కట్టండి, మొక్క కన్నా ఒక అడుగు ఎత్తులో. చుట్ట కాల్చిన చేత్తో ల్యూర్ ముట్టుకోవద్దు. పొద్దున్నే బుట్ట కింద వేలాడే కవరు అడుగు ముడి విప్పి తెల్ల కాగితం మీద దులపండి. బియ్యపుగింజంత బూడిదరంగు పురుగులు, వేలికి పొడి అంటుతుంది. లెక్కపెట్టి రాసుకోండి. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితే అప్పుడు మందు కొట్టండి. మీరు పోయిన ఏడు లెక్క రాసుంటే గుడ్డిపూల కన్నా ముందే తెలిసేది. నాకు బాధ అదే.

మందుల కొట్టు, గుంటూరు:
నిజమే బాబూ, కానీ నా దగ్గర కొన్నవాళ్లలో లెక్క రాసేది పదిమందికి ఒక్కరు. ఊరంతా కలిసి కడితే పట్టడానికీ పనికొస్తుందని నేను ఇప్పటికీ అంటాను.

బాపట్ల అగ్రి స్టూడెంట్:
ఊరంతా అయితే ఒప్పుకుంటాను. ఒక్కడి చేలో అయితే ఒప్పుకోను.

ప్రత్తిపాడు రైతు:
మా డొంక పక్కన ఐదుగురివి కలిపి పదకొండెకరాలు. నలుగురు సరే అన్నారు. ఐదో ఆయన మార్చి దాకా పత్తి కట్టె పీకడు, ఎండుకాయల్లో పురుగు అలాగే ఉంటుంది. ముందు ఆయన్ని ఒప్పించాలి. ఆదివారం వెళ్తున్నా. తమ్ముడూ, నువ్వు కూడా రా, నా మాట కన్నా నీ మాట వింటాడు.