పాత రేసు కారు రంగు తీసి కొత్త రంగు వేస్తే దాన్ని పునరుద్ధరణ అనవచ్చా?

పాతదారి:
2024 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో జరిగిన పాత కార్ల ప్రదర్శనలో అత్యున్నత బహుమతి బుగాటి కంపెనీ 1930లలో కట్టిన ఒక టైప్ 59 రేసు కారుకు దక్కింది. 1950లో మొదలైన ఆ ప్రదర్శనలో, పునరుద్ధరణ జరగని పాత కారు ఆ బహుమతి అందుకోవడం అదే మొదటిసారి. కొత్తదానికంటే కొత్తగా మెరిసే కార్లనే ఏళ్ల తరబడి గెలిపించిన న్యాయనిర్ణేతలు, వెలిసిపోయిన రంగుతో వచ్చిన కారును ఎంచుకున్నారు. ఇది చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని అని నా అభిప్రాయం.

కారు రంగు గీకించే యజమానులు ఏం పోతుందో ఒక్కసారి ఆలోచించాలి. చేత్తో సాగగొట్టిన అల్యూమినియం రేకు లోపలివైపు సుత్తి దెబ్బల గుర్తులుంటాయి. పనివాళ్లు గీసుకున్న గీతలుంటాయి. ఒకదానిమీద ఒకటి పేరుకున్న రంగు పొరల్లో ఏ పందెం తరువాత ఏ మూల సరిచేశారో చదవవచ్చు. ఒకసారి ఊడదీసిన పొరను ఎంతటి నిపుణుడైనా తిరిగి తేలేడు. 2015లో పారిస్‌లో బయాన్ కుటుంబపు కార్ల వేలం జరిగినప్పుడు, దశాబ్దాలుగా షెడ్డులో దుమ్ము పట్టి ఉన్న ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్‌ను తుడిచి మెరిపించకుండానే వేదిక ఎక్కించారు. అది సుమారు 1.63 కోట్ల యూరోలు పలికింది. ఆ ధరకంటే, దుమ్మును కూడా సాక్ష్యంగా చూసిన ఆ దృష్టి నాకు ముఖ్యం.

ఎర్రరేకు:
పాతదారి గారు, మీ ఆవేదన అర్థమవుతోంది. కానీ మీరు ఎంచుకున్న ఉదాహరణే మీ వాదనకు అడ్డు వస్తుంది. ఆ టైప్ 59 1934లో బుగాటి జట్టు కారుగా గ్రాండ్ ప్రీ పందేల్లో పరుగెత్తింది. తరువాత దాన్ని స్పోర్ట్స్ కారుగా మార్చారు. ఆపైన బెల్జియం రాజు మూడవ లియోపోల్డ్ దాన్ని కొన్నారు. ఈ రోజు దాని మీద మనం చూస్తున్న నలుపు రంగు రాజుగారి కాలానిది, గ్రాండ్ ప్రీలో పరుగెత్తిన కారుది కాదు. అలాంటప్పుడు మనం కాపాడుతున్నది ఏ కాలపు కారును?

రేసు కారుకు ఒకే రూపం ఎన్నడూ లేదు. ఆదివారం గోడకు గుద్దుకున్న ముందు భాగాన్ని తరువాతి ఆదివారానికి మార్చేసేవారు. ఇంజను పాడైతే మరో కారులోనిది తెచ్చి బిగించేవారు. 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరీ వేలంలో 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడైన ఫెరారీ 250 జీటీఓ 1962లో తయారైంది, కానీ దాని మీదున్న బాడీ 1964లో ఫెరారీకి బాడీలు కట్టే స్కాలియెత్తి శాలలో కట్టినది. బెంట్లీ వారి 'ఓల్డ్ నంబర్ వన్' సంగతి ఇంకా పెద్దది. 1929, 1930 సంవత్సరాల్లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల పందెం వరుసగా గెలిచిన ఆ స్పీడ్ సిక్స్‌లో తరువాతి ఏళ్లలో ఛాసీ, ఇంజను, బాడీ అన్నీ మారాయి. కోటి పౌండ్లకు ఒప్పుకున్న బేరాన్ని, ఇది అసలు కారు కాదంటూ కొనుగోలుదారు కాదన్నప్పుడు, విషయం లండన్ హైకోర్టుకు వెళ్లింది. 1929 నాటి భాగాలు దాదాపు ఏవీ మిగలలేదని ఒప్పుకుంటూనే, చరిత్ర ఎక్కడా తెగకుండా కొనసాగింది కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని 1990లో జస్టిస్ ఆటన్ తీర్పు చెప్పారు. కొనసాగింపే కారుకు గుర్తింపు అయినప్పుడు, శ్రద్ధగల పునరుద్ధరణ కూడా ఆ కొనసాగింపులో ఒక ఘట్టమే అవుతుంది. షెడ్డు కప్పు కారి పట్టిన తుప్పు నా దృష్టిలో నిర్లక్ష్యమే. దానికి చరిత్ర అని పేరు పెట్టి పూజించడం నాకు నచ్చదు.

స్పానర్:
ఈ కార్ల మీద పనిచేసేవాడిగా ఒక్క మాట. మీరిద్దరూ పైకి కనిపించేదాని గురించే మాట్లాడుతున్నారు. ఆ కాలపు మెగ్నీషియం పోతభాగాలు ఏళ్లు గడిచేకొద్దీ లోలోపలే తినేసుకుపోతాయి; కంటికి కనిపించని పగుళ్లను రంగుద్రవం పూసి వెతకాలి. మోటారు పందేల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం పందేలకు వాడే ఇంధన టాంకు లోపలి రబ్బరు సంచికి గడువు మామూలుగా ఐదేళ్లే. కారు పరుగెత్తాలంటే వీటిలో రాజీ కుదరదు. మేము మార్చిన ప్రతి పాత భాగాన్నీ చీటీ కట్టి, ఫొటోతో సహా యజమానికి అప్పగిస్తాం. పారేయమని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు, అది విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పాతదారి:
స్పానర్ గారి మాటతో నాకు పేచీ లేదు. ప్రాణానికి సంబంధించిన భాగం మార్చి తీరాలి. ఎర్రరేకు గారు చూపిన జీటీఓ విషయంలోనూ నేను ఒక మెట్టు దిగుతాను: 1964 బాడీ పందేల కాలంలోనే వచ్చింది కాబట్టి అది ఆ కారు సొంత జీవితం. దాన్ని తీసేసి 1962 రూపం కట్టాలని ఎవరైనా అంటే, మీకంటే ముందు నేనే అడ్డుపడతాను. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన టూరిన్ ఒడంబడిక కూడా, కారును తయారైన నాటి రూపానికే తీసుకువెళ్లాల్సిన అవసరం లేదని చెబుతుంది.

అయితే ఓల్డ్ నంబర్ వన్ తీర్పును పునరుద్ధరణకు మద్దతుగా వాడడం నాకు సరిగా తోచలేదు. అక్కడ మార్పులు చేసినవారు ఆ కారును పందేల్లో పరుగెత్తించడానికే చేశారు. ఈ రోజు రంగు గీకించే యజమాని ప్రదర్శన పచ్చికలో నిలబెట్టడానికి ఆ పని చేస్తున్నాడు. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

నిర్లక్ష్యం గురించి మీరన్నదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. స్విట్జర్లాండ్ వైపు మజోరె సరస్సు అడుగున 70 ఏళ్లకు పైగా పడి ఉండి 2009లో బయటికి తీసిన బుగాటి బ్రేషియా తుప్పు పట్టిన అస్థిపంజరంలా ఉంటుంది. 2010లో దాన్ని కొన్న సేకర్త దాన్ని ఆ స్థితిలోనే మ్యూజియంలో ఉంచారు. దాన్ని బాగుచేయాలంటే చాలా భాగం కొత్తగా తయారుచేయాలి, అప్పుడు మిగిలేది వేరే కారు. కానీ పైరంగు మాత్రమే చెడి, కింద రేకు గట్టిగా ఉన్న కారు ఎదురైతే? మీరు రంగు వేయించే తీరుతారంటే, నాది ఒకటే విన్నపం: డిక్కీ మూత లోపలివైపు, డాష్‌బోర్డు వెనుక భాగం ముట్టుకోకండి, పాత పొరలు అక్కడైనా మిగలనివ్వండి.

ఎర్రరేకు:
ఆ షరతుకు నేను ఒప్పుకుంటాను. తలుపుల లోపలి అంచులను కూడా అందులో చేర్చండి.