జిరాలో స్క్రీన్లను మార్చే అధికారం ఇద్దరికే ఇవ్వడం ఎలా?

నమస్కారం. జిరా క్లౌడ్‌లో (పనులను, లోపాలను టికెట్లుగా నమోదుచేసి చూసుకునే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్) కంపెనీ మేనేజ్డ్ ప్రాజెక్టు మాది, అంటే దాని అమరికలు సైట్ మొత్తాన్నీ చూసుకునే సైట్ అడ్మిన్ల చేతిలో ఉండే రకం. లోపాల నమోదుకు మేమే ఒక స్క్రీన్ (టికెట్‌లో ఏయే గడులు కనిపించాలో నిర్ణయించే ఫారం) తయారుచేసుకున్నాం. ఈమధ్య ఎవరో అందులోంచి ‘తీవ్రత’ అనే కస్టమ్ ఫీల్డును (మేం అదనంగా చేర్చుకున్న గడిని) తీసేశారు. పాత టికెట్లలో విలువలు భద్రంగానే ఉన్నాయి. కొత్తవి మాత్రం ఆ గడి లేకుండానే వచ్చి పడ్డాయి, దాని మీద ఆధారపడిన నివేదిక కాస్తా ఎందుకూ కొరగాకుండా పోయింది.

పర్మిషన్ స్కీమ్‌లో (ప్రాజెక్టులో ఎవరు ఏం చేయవచ్చో చెప్పే అమరికలో) ‘ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ అడ్మినిస్ట్రేషన్’ టిక్కు పెట్టి ఉంది. దానివల్ల ప్రాజెక్టు అడ్మిన్లు కొత్త కస్టమ్ ఫీల్డులు సృష్టించలేకపోయినా, ఉన్నవాటిని స్క్రీన్‌లో చేర్చగలరు, తీసేయగలరు. చిక్కల్లా ఆ టిక్కు అడ్మిన్లందరికీ ఒకేలా వర్తించడమే. తీసేద్దామంటే వర్క్‌ఫ్లో (టికెట్ ఒక్కో దశ దాటే క్రమం) మార్చుకునే వీలు కూడా పోతుంది. పోనీ కొందరిని అడ్మిన్ పాత్ర నుంచి తప్పిద్దామంటే, ప్రాజెక్టులోని వెర్షన్లు (విడుదలలు), కాంపోనెంట్లు (ఉపవిభాగాలు) చూసుకునేది వాళ్లే.

ఫీల్డును తప్పనిసరి చేయడం కూడా ఆలోచించాను. కానీ అది స్క్రీన్ మీద లేకపోతే టికెట్ సృష్టించడమే కుదరదు. రోగం కంటే మందే ప్రమాదం!

ఇతర ప్రాజెక్టులతో పంచుకున్న స్క్రీన్‌ను ప్రాజెక్టు అడ్మిన్లు మార్చలేరు కాబట్టి, ఒక ఉత్తుత్తి ప్రాజెక్టును సృష్టించి ఈ స్క్రీన్‌ను దానికీ తగిలిస్తే ఎలా ఉంటుంది? నాకే అది దొడ్డిదారిలా అనిపిస్తోంది. ఎవరైనా అలా చేశారా? తర్వాత ఇబ్బందులేమైనా వచ్చాయా? ఇంతకంటే సూటి మార్గం ఉంటే దయచేసి చెప్పండి. సైట్ అడ్మిన్‌తో చేయించాల్సిన పనైనా ఫరవాలేదు, అడిగి చేయించుకుంటాం.