కంప్యూటర్‌కి లొకేషన్ ఎందుకు? ఆపేస్తే సరిపోతుందా?

రుషికొండ_రౌటర్:
విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాను. ఆన్ చేయగానే లొకేషన్ వాడుకోనా అని అడిగింది, వద్దన్నాను. ఫోన్‌లో అంటే ఆటో బుక్ చేయడానికి కావాలి. టేబుల్ మీంచి కదలని దానికి ఎందుకు? అందరూ ఆపేయాలని నా మాట.

ద్వారకానగర్_సర్వీస్:
ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. డెస్క్‌టాప్‌లో జీపీఎస్ ఉండదు. లేనిదానికి టెన్షన్ ఎందుకు?

రుషికొండ_రౌటర్:
జీపీఎస్ అక్కర్లేదండీ. చుట్టుపక్కల వైఫై రౌటర్ల గుర్తింపు నంబర్లు చాలు. ఏ రౌటర్ ఎక్కడుందో కంపెనీల దగ్గర జాబితాలున్నాయి. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే పది రౌటర్లు తగులుతాయి, ఏ వీధో తెలిసిపోతుంది. మన రౌటర్ పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి, ఇంగ్లిష్‌లో ‘నోమ్యాప్’ అని చేరిస్తే గూగుల్, ఆపిల్ దాన్ని జాబితాలో వాడవు. అది ఎంతమందికి తెలుసు?

ద్వారకానగర్_సర్వీస్:
నేనన్నది డెస్క్‌టాప్. వైఫై లేనిది, కేబుల్‌తో నడిచేది.

కంచరపాలెం77:
దానికి ఐపీ అడ్రసే దిక్కు, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్. మా ఇంట్లో వాతావరణం చూస్తే హైదరాబాద్‌ది వస్తుంది.

గాజువాక_ఆఫీస్:
ఆపేయమని సలహా ఇవ్వకండి. మాది పన్నెండు మంది ఆఫీసు. మా ఆఫీసు కుర్రాడు ల్యాప్‌టాప్‌ని ఆటోలో మర్చిపోతే, పోయినదాని జాడ చూపించే విండోస్ ‘ఫైండ్ మై డివైస్’ వల్లే దొరికింది. లొకేషన్ ఆన్‌లో లేకపోతే అది పనిచేయదు.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
దొరకడం మంచిదే. నా సంగతి వినండి. ఇంటి నుంచి పనిచేసేటప్పుడు కంపెనీ ల్యాప్‌టాప్‌లో లొకేషన్ ఆపాను. అప్పుడది ఐపీ చూసి నన్ను హైదరాబాద్‌లో ఉన్నట్టు చూపించింది. చెప్పకుండా ఊరు దాటావని హెచ్‌ఆర్ మెమో ఇచ్చారు. ఆ రాత్రంతా మా అమ్మకి జ్వరం, నేను పక్క గదిలోనే ఉన్నాను.

గాజువాక_ఆఫీస్:
మీరు ఆపారు కాబట్టే తప్పు చూపించింది. ఆన్‌లో ఉంటే మధురవాడ అనే చూపించేది.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
అంటే నా నిజాయితీ నిరూపించుకోవడానికి ఇంటి అడ్రస్ రోజంతా ఇస్తూ ఉండాలా?

రుషికొండ_రౌటర్:
ఇంకోటి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లకి లొకేషన్ స్విచ్‌లు విడివిడిగా ఉన్నాయి. మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఒక్కటే స్విచ్. ఒకదానికి ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే.

గాజువాక_ఆఫీస్:
ప్రోగ్రాములు వదిలేయండి. జీతం ఇస్తున్నాను, ల్యాప్‌టాప్ నాది. ఎక్కడుందో చూసుకునే హక్కు నాకు లేదా? ఇంట్లో ఉన్నానని చెప్పి అన్నవరంలో పెళ్లికి వెళ్లినవాళ్లని చూశాను.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
ల్యాప్‌టాప్ మీదే. అది పెట్టిన ఇల్లు మా నాన్నది. పని అయిందా లేదా అన్నది పనిలో చూడండి. మీకు కావాల్సింది ల్యాప్‌టాప్ జాడ కాదు, మనిషి జాడ. అది ముందే చెప్పి ఉంటే ఇంతసేపు ఆటో కథ వినేవాళ్లం కాదు.

గాజువాక_ఆఫీస్:
అవును, మనిషి జాడే. మోసపోయినవాడికి తెలుస్తుంది ఆ బాధ.

సీతమ్మధార_లా:
2017లో సుప్రీంకోర్టు గోప్యతని ప్రాథమిక హక్కు అంది. కానీ 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాలకి, సంస్థకి నష్టం రాకుండా చూసుకోవడానికి సమ్మతి లేకుండానే వివరాలు వాడుకునే వీలిచ్చింది. అందుకే విండోస్‌లో స్విచ్ ఎక్కడుందన్న దానికంటే, ఆఫీసు మీతో ఏం చెప్పిందన్నదే ముఖ్యం. కంపెనీ పాలసీ పెడితే ఆ స్విచ్ మీ చేతిలో ఉండదు కూడా.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
గాజువాక గారూ, షిఫ్ట్ అయిపోయాక మీ వాళ్ల లొకేషన్ ఆగుతుందా?

గాజువాక_ఆఫీస్:
ఆగదు. ఎవరూ అడగలేదు.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
వాళ్లకి తెలిస్తే కదా అడగడానికి.

గాజువాక_ఆఫీస్:
జాయినింగ్ కాగితాల్లో రాశామో లేదో రేపు చూస్తాను. లొకేషన్ మాత్రం తీయను.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
రాయకపోయి ఉంటే పన్నెండు మందికీ మీరే చెప్పండి. నాకు మెమో వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.