పాడి ఆవులున్న తోటలో గుర్రాన్ని పెంచవచ్చా? మేత, కొట్టం, వైద్యం గురించి కొన్ని సందేహాలు

ప్రశ్న: చంద్రగిరి పాడిరైతు

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. జెర్సీ ఆవులు, వాటి కోసం వేసిన సూపర్ నేపియర్ గడ్డి, కొద్దిగా మామిడి తోట ఉన్నాయి. బెంగళూరులో పందాలు మానిన ఏడేళ్ళ ఆడగుర్రం ఒకటి ఉందని, మంచి ఇల్లు చూపిస్తే ఇచ్చేస్తారని తెలిసినవారు చెబుతున్నారు. మా అమ్మాయి తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు నడిచే గుర్రాలను చూసినప్పటి నుంచి స్వారీ నేర్చుకోవాలని పట్టుబడుతోంది. నాకూ ఇష్టమే. అయితే తెలియకుండా తెచ్చి ఒక మూగజీవిని కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు కనుక ముందుగా అడుగుతున్నాను.

ఆవుల కొట్టంలోనే ఒక పక్కన కట్టేసి, ఆవులకు పెట్టే గడ్డి, దాణా, తవుడు, కుడితి దానికీ పెట్టవచ్చా? ఎద్దులకు లాడాలు కొట్టే ఆయన మా పక్క ఊళ్ళో ఉన్నారు, ఆయన సరిపోతారా? మన ఎండలకు ఆ గుర్రం తట్టుకుంటుందా? దాని నుదుటిమీద సుడి మంచిది కాదని మా పెద్దనాన్న అంటున్నారు. అందులో నిజమెంత?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

మీరు తెచ్చే ముందు అడగడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆవుల పెంపకంలో మీకున్న అనుభవం గుర్రానికి కొంత ఉపయోగపడుతుంది. కానీ మేత విషయంలో ఆ అనుభవాన్నే నమ్ముకుంటే ప్రమాదం. కాబట్టి నేను మేత గురించే ఎక్కువగా రాస్తాను.

ఆవు నెమరు వేస్తుంది. దాని మొదటి పొట్టలో వంద లీటర్లకు పైగా మేత పట్టి, అక్కడి సూక్ష్మజీవులు ముందుగా దాన్ని పులియబెట్టి, చాలా విషపదార్థాలను కూడా విరిచేస్తాయి. గుర్రానికి ఆ ఏర్పాటు లేదు. దాని జీర్ణాశయం 8 నుంచి 15 లీటర్లకు మించదు, గడ్డి పులియడమంతా చివరన పెద్దపేగులో జరుగుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అందువల్ల ఒకేసారి ఎక్కువ గింజలు తిన్నా, బూజు పట్టిన మేత తిన్నా, అది బయటికి వచ్చే దారి ఉండదు. మిగిలిన అన్నం, గంజి, పుల్లబడిన కడుగునీళ్ళు కలిసిన కుడితిని ఆవు హాయిగా తాగుతుంది. గుర్రానికి మాత్రం దాన్ని ఒక్కరోజు కూడా పెట్టకండి. అందులోని పిండిపదార్థం పెద్దపేగులోకి చేరి పులిస్తే కడుపునొప్పి వస్తుంది, దాని వెంటే గిట్టల లోపలి పొరలు వాచి గుర్రం అడుగు వేయలేని స్థితికి వస్తుంది.

సూపర్ నేపియర్ సంగతి మన జిల్లాల వారందరూ తెలుసుకోవాలి. ఈ గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విరిచేస్తాయి, గుర్రంలో మాత్రం అవి మేతలోని కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. దీనికి తోడు బియ్యపు తవుడులో భాస్వరం కాల్షియం కన్నా పది రెట్లకు పైగా ఉంటుంది. నేపియర్, తవుడు రెండూ కలిపి నెలల తరబడి పెడితే రక్తంలో తగ్గిన కాల్షియం కోసం శరీరం తన ఎముకలనే కరిగించుకుంటుంది. మొదట కారణం తెలియని కుంటు కనిపిస్తుంది, తరువాత దవడ, ముఖపు ఎముకలు రెండువైపులా ఉబ్బుతాయి. ముఖం ఉబ్బిన తరువాత మేత మార్చినా ఆ ఎముక పూర్తిగా పూర్వస్థితికి రావడం కష్టం. కాబట్టి నేపియర్ ప్రధాన మేత కాకూడదు. గరిక దొరికితే అంతకన్నా మంచిది లేదు. ఎండబెట్టిన గరిక, లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసం, శుభ్రమైన వేరుశనగ కట్టె కలిపి పెట్టవచ్చు. 450 కిలోల గుర్రానికి రోజుకు ఎండు లెక్కన 7 నుంచి 9 కిలోల గడ్డి కావాలి, అదీ రెండు పూటలు కాకుండా రోజంతా కొద్దికొద్దిగా నోటికి అందుతూ ఉండాలి.

వేరుశనగ కట్టెలో కాల్షియం బాగా ఉంటుంది. కానీ మన దగ్గర కోతలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలతో కలిసి వస్తాయి. తడిసి నల్లబడిన కట్టెను, వాసన మారిన కట్టెను పక్కన పెట్టండి. మంచి కట్టెను కూడా బాగా దులిపి వేర్ల మట్టి రాల్చాకే వేయండి, ఎందుకంటే ఆ మట్టి, ఇసుక పెద్దపేగులో పేరుకుంటాయి. గడ్డిని నేలమీద చల్లకుండా తొట్టిలో వేయడం కూడా ఇందుకే.

ఉలవలు మన పూర్వీకులు పెట్టినవే, మంచివే. నానబెట్టి ఉడికించి, తక్కువ మోతాదులో పెట్టండి. మీ గుర్రం పందాల కాలంలో ఎక్కువ గింజలు తినడానికి అలవాటుపడి ఉంటుంది కాబట్టి పాత మేతనుంచి కొత్త మేతకు పది, పదిహేను రోజుల మీద మార్చండి.

మరొక్క మాట, ఇది ప్రాణానికి సంబంధించినది. కోళ్ళ దాణాలోనూ, కొన్ని పశువుల దాణాల్లోనూ మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కలుపుతారు. గుర్రానికి కిలో బరువుకు 2, 3 మిల్లీగ్రాముల మోనెన్సిన్ చాలు, గుండె కండరం దెబ్బతిని చనిపోతుంది. దాణా గంప, గరిట కూడా గుర్రానికి వేరుగా ఉంచండి.

జవాబు: పలమనేరు గుర్రాల పెంపకందారు

డాక్టరు గారు మేత గురించి చెప్పినదానికి నేను చేర్చవలసింది లేదు. కొనుగోలు, కొట్టం గురించి రాస్తాను.

పందాలు మానిన గుర్రాన్ని చూడటానికి వెళ్ళినప్పుడు ముందుగా ముంగాళ్ళు చూడండి. మోకాలి కింద వెనకవైపున సాగే స్నాయువును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పైనుంచి కిందికి మెల్లగా జరపండి. అది నిటారుగా, గట్టిగా, చల్లగా తగలాలి. మధ్యలో విల్లులా ఉబ్బి ఉన్నా, వేడిగా ఉన్నా, నొక్కగానే కాలు లాక్కున్నా పాత గాయం ఉన్నట్టే. ఆ తరువాత గట్టి నేలమీద దుడుకు నడకలో, అంటే మెల్లని పరుగులో, నడిపించమని అడగండి. నొప్పి ఉన్న ముంగాలు నేలను తాకినప్పుడు గుర్రం తల పైకి ఎత్తుతుంది. పాత గాయం ఉందని గుర్రాన్ని వద్దనుకోనక్కరలేదు, మీ అమ్మాయి మెల్లగా నడిపించుకోవడానికి అది సరిపోవచ్చు. అయితే తెలిసి తెచ్చుకోవాలి. ఇంకొక విషయం, పరుగుకే శిక్షణ పొందిన గుర్రం కొత్తగా నేర్చుకునేవారికి వెంటనే తగదు. అమ్మాయి మొదట అనుభవజ్ఞులైన శిక్షకుల దగ్గర నిదానమైన గుర్రం మీద నేర్చుకోవాలి. ఈలోగా మీ గుర్రానికి కూడా కొత్త చోటు అలవాటవుతుంది.

లాడాల విషయంలో ఎద్దుల లాడాలు కొట్టే ఆయన ఎంత పనిమంతులైనా గుర్రానికి పిలవకండి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, గుర్రానిది ఒకే గిట్ట, మేకు వెళ్ళవలసిన చోటు చాలా సన్నని అంచు. ఒక్క మేకు లోపలికి దిగితే చీము పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించాలి కాబట్టి గుర్రాలకు లాడాలు వేసే మనిషి ఎవరు, ఎక్కడినుంచి వస్తారు అన్నది గుర్రాన్ని తెచ్చే ముందే మాట్లాడుకోండి. ప్రతిరోజూ సాయంత్రం గిట్టల అడుగు కొక్కెంతో శుభ్రం చేయండి. మధ్యలో ఉండే మెత్తని త్రికోణపు భాగం పక్క గాళ్ళలో నల్లని జిగురు, కుళ్ళు వాసన కనిపిస్తే కొట్టం తడిగా ఉందని అర్థం.

ఆవుల మధ్య పలుపుతో కట్టేయడం వద్దు. కనీసం 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల అర విడిగా కట్టి, అందులో కట్టు లేకుండా వదలండి. పగలు మామిడి నీడలో కంచె వేసిన జాగాలో తిరగనివ్వండి. ముళ్ళకంచె మాత్రం వద్దు, భయపడి పరుగెత్తే జంతువు కనుక చర్మం చీల్చుకుంటుంది. గుర్రం మందలో బతికే ప్రాణి, ఒంటరితనం దాన్ని నిజంగా కుంగదీస్తుంది. ఇంకొక గుర్రం కుదరకపోతే ఒక గాడిదనో మేకనో తోడుగా ఉంచండి.

ఎండకు తట్టుకుంటుంది, కానీ తిరుపతి వేసవిలో తెల్లవారుజామున తప్ప పని చేయించకండి. వేసవిలో రోజుకు 40, 50 లీటర్ల నీళ్ళు, నాకడానికి ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కొన్ని గుర్రాలకు మన వేడి, ఉక్కపోతల్లో చెమట పట్టడం ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉండి ముక్కుపుటాలు విప్పి రొప్పుతుంటే వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీళ్ళు ధారగా పోస్తూ డాక్టరును పిలవండి. వేడి ఒంటిమీద చల్లనీళ్ళు పోయకూడదన్న మాట నమ్మవద్దు.

సుడి గురించి మీ పెద్దనాన్న గారి మాట పాతకాలపు నమ్మకం. ఆరోగ్యానికీ స్వభావానికీ దానితో సంబంధం లేదని నా అనుభవంతో గట్టిగా చెప్పగలను. సుడి ఎక్కడ ఉందో గుర్రం గుర్తింపు పత్రంలో రాస్తారు. పత్రంలోని సుడులు, తెల్ల మచ్చలు ఎదురుగా ఉన్న గుర్రంతో సరిపోతున్నాయో లేదో చూసుకోవడానికే అది మీకు పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: చంద్రగిరి పాడిరైతు

ఇద్దరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. గరిక మా కాలువ గట్ల మీద ఉంది, కొంత నేల దానికి కేటాయిస్తాను. ఇంకొక రెండు సందేహాలు. అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే డాక్టరు వచ్చేలోగా ఏం చేయాలి? ఆవులకు ఉబ్బరం వస్తే మేము గొట్టంతో నూనె పోస్తాము. ఆవుల పక్కన ఉండటం వల్ల రోగాలేమైనా అంటుకుంటాయా?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

నూనె గొట్టంతో పోయవద్దు. నొప్పితో ఉన్న గుర్రానికి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వైద్యుడు ముక్కుద్వారా గొట్టాన్ని జీర్ణాశయానికి పంపి, అది సరైన చోటికి చేరిందని నిర్ధారించుకున్నాకే మందు పోస్తాడు. ముంగాలితో నేల గీరడం, మాటిమాటికీ డొక్కవైపు తిరిగి చూడటం, పడుకుని లేవడం, పేడ ఆగిపోవడం కనిపిస్తే మేత తీసేయండి, నాడి లెక్కపెట్టి డాక్టరుకు ఫోన్ చేయండి. దవడ ఎముక కింది అంచున వేలు పెడితే నాడి తెలుస్తుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి, 60 దాటితే అత్యవసరమని చెప్పండి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఎలా తీసుకువెళ్ళాలో, ఏ బండి వస్తుందో ముందే ఏర్పాటు చేసుకోండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం కూడా వస్తుంది.

ఆవుల వల్ల ముఖ్యంగా రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం. వానాకాలంలో జోరీగలు కుట్టడం ద్వారా సర్రా అనే వ్యాధి వ్యాపిస్తుంది. ఆవుల్లో, గేదెల్లో ఆ పరాన్నజీవి లక్షణాలు లేకుండానే ఉండిపోవచ్చు, గుర్రంలో మాత్రం విడిచి విడిచి జ్వరం, కాళ్ళ వాపు, చిక్కిపోవడం వచ్చి, చికిత్స లేకపోతే చనిపోతుంది. కనుక పేడదిబ్బ గుర్రపు అరకు దూరంగా ఉండాలి, కారణం తెలియని జ్వరానికి రక్తపరీక్ష చేయించాలి. రెండవది, ఆవుల పిడుదులకు మీరు చల్లే అమిట్రాజ్ మందు గుర్రం మీద పడనివ్వవద్దు. దానితో పేగుల కదలిక ఆగి, మేత గట్టిపడి, ప్రాణం మీదికి వస్తుంది.

ధనుర్వాతం గుర్రాలకు చాలా సులువుగా వస్తుంది, వీధికుక్కలున్న చోట రేబిస్ భయమూ ఉంది. రెండింటికీ టీకాలు వేయించండి. బండి ఎక్కించే ముందు గ్లాండర్స్ రక్తపరీక్ష తప్పనిసరిగా అడగండి. ఇది మనుషులకు కూడా సోకే వ్యాధి. నిర్ధారణ అయితే చట్టప్రకారం గుర్రాన్ని చంపవలసి వస్తుంది, టీకా లేదు. ఈ పరీక్షలకు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ప్రధాన ప్రయోగశాల. పరీక్ష ఫలితం, ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందన్న పశువైద్యుని ధ్రువపత్రం, గుర్తింపు పత్రం, ఈ మూడూ చేతికి వచ్చేదాకా బెంగళూరు వారికి డబ్బు కట్టకండి.