మత్తయి 24 అంతా క్రీ.శ. 70లోనే జరిగిపోయిందా?

బెరయ పాఠకుడు:
అందరికీ వందనాలు. మత్తయి 24ను క్రీ.శ. 70లో రోమీయుల చేతిలో యెరూషలేము పతనంతో ముడిపెట్టే ప్రిటరిస్టు వ్యాఖ్యానం, అంటే ఆ ప్రవచనాలు ఇప్పటికే నెరవేరాయనే వ్యాఖ్యానం, చదువుతున్నాను. "ఈ తరము గతింపదు" అన్న 34వ వచనం దగ్గర వాళ్ల వాదన గట్టిగానే ఉంది. నాకు మూడు చోట్ల చిక్కుముడి పడింది. 15వ వచనంలో పరిశుద్ధస్థలమందు నిలుస్తుందన్న హేయవస్తువు చరిత్రలో ఏది? 29లో సూర్యుడు చీకటి కమ్మడం, నక్షత్రాలు రాలడం ఎప్పుడు జరిగాయి? ప్రకటన 13లోని మృగం సంఖ్య 666 రోమా చక్రవర్తి నీరోయే అంటున్నారు, ఆ లెక్క ఎలా వేస్తారు? ఒప్పుకోవాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం, ముందు వాదన సరిగ్గా తెలియాలి.

పాత పుటలు:
చాలామంది తప్పటడుగు వేసేది హేయవస్తువు దగ్గరే. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ తన యూదుల యుద్ధం ఆరో పుస్తకంలో ఒక దృశ్యం రాశాడు. ఆలయం మండుతుండగా రోమా సైనికులు తమ ధ్వజాలను లోపలికి తెచ్చి, తూర్పు ద్వారానికి ఎదురుగా నిలబెట్టి, వాటికి బలులు అర్పించి, తమ సేనాని తీతుకు జేజేలు కొట్టారు. వినగానే "ఇదే హేయవస్తువు" అనిపిస్తుంది. కానీ తేదీ చూడండి: క్రీ.శ. 70 ఆగస్టు. దాన్ని చూసిన వెంటనే యూదయలోవాళ్లు కొండలకు పారిపోవాలని 16వ వచనం చెబుతోంది. అప్పటికి ముట్టడి మొదలై నాలుగు నెలలైంది, నగరం చుట్టూ తీతు గోడ కూడా కట్టించేశాడు. ఇక పారిపోయేదెక్కడికి?

అందుకే జాగ్రత్తగా చదివే ప్రిటరిస్టులు లూకా 21:20ని పక్కన పెట్టుకుంటారు. అక్కడ హేయవస్తువు అన్న మాటే ఉండదు, దండ్లు యెరూషలేమును చుట్టుముట్టడం గురించి ఉంటుంది. క్రీ.శ. 66 శరదృతువులో సిరియా అధిపతి సెస్టియస్ గాలస్ సైన్యంతో ఆలయం ఉత్తర గోడ దాకా వచ్చాడు. ఉన్నట్టుండి వెనక్కి మళ్లి, బేత్‌హోరోను దారిలో చావుదెబ్బ తిన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు బయటికి దారులు తెరిచే ఉన్నాయి. క్రైస్తవులు యొర్దాను అవతలి పెల్లాకు వెళ్లిపోయారని 4వ శతాబ్దంలో సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. ఆ కథనాన్ని నమ్మని చరిత్రకారులూ ఉన్నారు కాబట్టి దాని మీద మరీ బరువు వేయకండి.

ఇంకో వాదం ప్రకారం హేయవస్తువు రోమీయులు కాదు, జీలట్లు అనే యూదు తిరుగుబాటుదారులు. వాళ్లు ఆలయాన్ని కోటగా చేసుకుని, చీట్లు వేసి ప్రధానయాజకుణ్ణి నిలబెట్టారు. "పరిశుద్ధస్థలమందు" అన్న మాటకు ఇది బాగా అతుకుతుంది.

రెండో ప్రశ్నకు, మేఘాల భాష:
29వ వచనానికి తాళంచెవి యెషయా 13:10లో ఉంది. అక్కడా నక్షత్రాలు వెలుగియ్యవు, సూర్యుడు చీకటి కమ్ముతాడు. ఆ ప్రవచనం దేని గురించో మొదటి వచనమే చెబుతోంది: బబులోను. క్రీ.పూ. 539లో బబులోను కోరెషు చేతిలో పడింది, ఆకాశంలో ఏ నక్షత్రమూ రాలలేదు. యెహెజ్కేలు 32:7 ఐగుప్తు రాజు గురించి ఇలాగే మాట్లాడుతుంది. రాజ్యం కూలడాన్ని ప్రవక్తలు ఈ భాషలోనే చెప్పేవారు.

30వ వచనంలోని మేఘాలు దానియేలు 7:13 నుంచి వచ్చినవి. అక్కడ మనుష్యకుమారుడు భూమికి దిగి రావడం లేదు, మహావృద్ధుని సన్నిధికి వెళ్తున్నాడు. పాఠకులు సాధారణంగా దాటేసేది ఈ ఒక్క వివరాన్నే.

అయితే ఇదే తాళంచెవితో ప్రతి తలుపూ తెరవబోతే అసలు ప్రమాదం. అపొస్తలుల కార్యములు 1:11, 1 కొరింథీయులు 15 కూడా క్రీ.శ. 70లోనే అయిపోయాయంటే అది పూర్ణ ప్రిటరిజం. పునరుత్థానం గతించిందన్న హుమెనైయు, ఫిలేతులను 2 తిమోతి 2:17-18 తప్పుపట్టింది. కొంతే నెరవేరిందనే పాక్షిక ప్రిటరిస్టులు ఎక్కడో ఒకచోట గీత గీయాలి. చాలామంది 36వ వచనం దగ్గర గీస్తారు, అక్కడ "ఇవన్నియు" పోయి "ఆ దినము" వస్తుంది. నా మట్టుకు ఈ వాదనలో అన్నిటికన్నా పలుచని అతుకు అదే.

మూడో ప్రశ్నకు, అంకెల లెక్క:
నీరోను కైసరు అన్న పేరును గ్రీకులో కాకుండా హీబ్రూ అక్షరాల్లో రాయాలి, ఒక్కో అక్షరానికీ ఒక్కో అంకె విలువ ఉంది. నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, మొత్తం 306. ఖోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200, మొత్తం 360. కలిపితే 666. లాటిన్ పద్ధతిలో పేరు "నీరో" అవుతుంది, చివరి నూన్ ఎగిరిపోయి 616 మిగులుతుంది. ఆక్సిరింకస్‌లో దొరికిన ఒక ప్రకటన గ్రంథపు పపైరస్ ముక్కలో నిజంగానే 616 ఉంది. రెండు పాఠాంతరాలకూ ఒకే పేరు సరిపోవడమే ఈ లెక్కకున్న బలం.

అభ్యంతరాలు రెండు. కైసరును మామూలుగా యోద్‌తో రాస్తారు, అప్పుడు మరో 10 చేరి లెక్క చెడుతుంది. దీనికి జవాబు దొరికింది: నీరో కాలానికి చెందిన ఒక అరామిక్ పత్రం మురబ్బాత్ లోయలో బయటపడింది, అందులో యోద్ లేదు. రెండోది బరువైనది. క్రీ.శ. సుమారు 180లో రాసిన సంఘపితరుడు ఐరేనియస్‌కు 616 పాఠమూ తెలుసు, కొన్ని పేర్లూ ఊహించాడు. వాటిలో నీరో లేడు.

బెరయ పాఠకుడు:
చాలా ఉపయోగపడింది. కానీ ఆ ఐరేనియసే ప్రకటన దర్శనం రోమా చక్రవర్తి దొమిషియన్ ఏలుబడి చివర్లో కలిగిందన్నాడు కదా? అంటే 96కు కాస్త ముందు. గ్రంథం అప్పటిదైతే క్రీ.శ. 70 గురించి ముందుగా చెప్పడం ఎలా కుదురుతుంది?

పాత పుటలు:
కుదరదు. అందుకే ప్రకటనను క్రీ.శ. 70కి అన్వయించేవాళ్లకు 70కి ముందటి తొలి తేదీ తప్పనిసరి. ఐరేనియస్ వాక్యంలో "కనబడెను" అన్న క్రియకు కర్త దర్శనమా యోహానా అని వాళ్లు తిరిగి అడుగుతారు. కానీ వాక్యం సహజంగా దర్శనం వైపే మొగ్గుతుంది. దానికన్నా ప్రకటన 17:10 మేలు: ఏడుగురు రాజుల్లో అయిదుగురు కూలారు, ఒకడున్నాడు. రోమా పాలకులను జూలియస్ నుంచి లెక్కిస్తే ఆరోవాడు నీరో, ఏడోవాడు ఏడు నెలలే ఏలిన గల్బా. ఔగుస్తు నుంచి లెక్కిస్తే మాత్రం ఆరోవాడే గల్బా అవుతాడు. మత్తయి 24కు ఈ తేదీ గొడవ తగలదు, కాబట్టి ఆ రెండు వాదనలనూ ఒకే మూటలో కట్టకండి.