చెక్‌లో యూదుల పాత కట్టడాలు చూడాలి, 5 రోజులు సరిపోతాయా?

మారతహళ్ళి నుంచి నేను, మా అమ్మ వెళ్తున్నాం అండీ, అమ్మ రిటైర్డ్ హిస్టరీ టీచర్, ప్రాగ్‌లో యూదుల పేట చూడాల్సిందే అని పట్టు. శనివారం పొద్దున దిగుతున్నాం, ఆ రోజే మొదలెట్టేయొచ్చా?

రిప్లై 1:
శనివారం వద్దు బ్రో! యూదులకి అది సబ్బాత్, అంటే విశ్రాంతి రోజు, యూదు మ్యూజియం కింద ఉన్నవన్నీ మూసేస్తారు. ఆదివారం జోసెఫోవ్ (మీరన్న యూదుల పేట అదే) పెట్టుకోండి. పాత స్మశానం మాత్రం అస్సలు వదలొద్దు, 1439 నుంచి 1787 దాకా అక్కడే పూడ్చారు, వేరే స్థలం లేదు, పాత సమాధి తీయడానికి మతం ఒప్పుకోదు, దాంతో మట్టి పోసి దాని మీదే ఇంకోటి, ఇలా పొరలు పొరలుగా, రాళ్ళన్నీ ఒకదాని మీదొకటి ఒరిగిపోయి ఉంటాయి. పక్కనే పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గోడల నిండా నాజీలు పొట్టనపెట్టుకున్న దాదాపు 78,000 మంది పేర్లు. మా ఆవిడ పావుగంట మాట్లాడలేదు, అదో రికార్డు.

రిప్లై 2:
యూదుల టౌన్ హాల్ మీద హీబ్రూ అంకెల గడియారం ఉంటుంది, ముళ్ళు వెనక్కి తిరుగుతాయి, అమ్మగారికి చూపించండి. టెరెజీన్‌కి (నాజీలు యూదుల్ని నిర్బంధించిన ఊరు) ఒక రోజు ఉంచుకోండి, ప్రాగ్ నుంచి బస్సులో గంట. నడక ఎక్కువ, పెద్దావిడకి మంచి బూట్లు కొనండి.

రిప్లై 3:
చెక్‌లోనే ఇంకో ఊరు త్రెబీచ్ ఉంది, ఎవరూ చెప్పలేదే? అక్కడి యూదుల పేట 2003లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది, జనం కూడా తక్కువ. నాకైతే ప్రాగ్ కంటే అదే నచ్చింది.

అడిగినవాడు:
థాంక్స్ అందరికీ, శనివారం పడుకుంటాం అయితే. త్రెబీచ్ అనగానే అమ్మ అప్పుడే మ్యాప్ తీసింది.